కలబంద గుజ్జు వేరు, కలబంద సొన వేరు

మా గుంటూరు ఇంటి డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడ పడే చోట, మూడు కుండీల నిండా కలబంద పెరుగుతోంది. వాటన్నిటికీ తల్లి మొక్క, గృహప్రవేశం నాడు దిష్టి తగలకుండా మా అమ్మ వీధి గుమ్మానికి తలకిందులుగా కట్టించినది. వేళ్లకు పసుపు రాసి కట్టిన ఆ మొక్క మట్టీ నీరూ లేకుండా ఎనిమిది నెలలు గుమ్మానికే వేలాడి, ఎండిపోకపోగా నడుమ నుంచి ఒక లేత ఆకును కూడా తొడిగింది. చాలా మొక్కలు పగలు తెరిచి ఉంచే ఆకు రంధ్రాలను కలబంద ఎండవేళ మూసుకుని రాత్రి చల్లదనంలోనే తెరుస్తుంది కనుక, దాచుకున్న నీటిని అంత పొదుపుగా వాడుకోగలుగుతుంది. అమ్మ పోయాక ఆ మొక్కను దించి కుండీలో నాటాను. పిలకలు వేస్తూ అది మూడు కుండీలైంది. ఇంట్లో ఇంత కలబంద ఉండడం వల్లనే మూడేళ్ల కిందట నాన్నగారి విషయంలో పొరపాటు జరిగింది. దాన్ని ఇక్కడ రాయడానికి కారణం, అదే పొరపాటు ఇవాళ చాలా ఇళ్లలో ఆరోగ్యం పేరుతో రోజూ పొద్దున్నే జరుగుతూ ఉండడం.

నాన్నగారు తెనాలి దగ్గర పల్లెలో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే పొలం గట్ల మీద నడిచి వచ్చేవారు, పెరటి కూర తినేవారు. డెబ్బై రెండో ఏట నా దగ్గరికి వచ్చాక నడక వరండాకు పరిమితమైంది, మలబద్ధకం మొదలైంది. రెండు రోజులకొకసారి, మూడు రోజులకొకసారి, అదీ కష్టపడితే తప్ప విరేచనం అయ్యేది కాదు. కడుపు ఉబ్బరంగా ఉందని రాత్రి భోజనం మానేసేవారు. వయసు పైబడిన మనిషికి ఇది ఎంత బాధ కలిగిస్తుందో దగ్గర ఉండి చూసిన వారికే తెలుస్తుంది. ఎవరో ఫోన్‌కు పంపిన వీడియోలో, పరగడుపున కలబంద రసం తాగితే పేగులు శుభ్రపడతాయనీ, ఏళ్లనాటి మలం కూడా కదిలి వస్తుందనీ, ఇది పూర్తిగా ప్రకృతి సిద్ధం కనుక ఏ హానీ ఉండదనీ చెప్పారు. నాన్నగారు మర్నాడే డాబా ఎక్కి ఒక లావుపాటి మట్ట కోసుకొచ్చి, అంచుల్లోని ముళ్లు చెక్కేసి, తొక్క పళంగా ముక్కలు చేసి, మజ్జిగతో కలిపి మిక్సీలో వేసి తాగేశారు.

ఆ రాత్రి పడుకోబోయే ముందు కడుపులో మెలిపెట్టింది, తెల్లవారేసరికి రెండుసార్లు ధారాళంగా విరేచనం అయింది. నెలల తర్వాత కడుపు తేలికపడిన ఆయన ఆనందం చూసి నేనూ సంతోషించాను. ప్రతి ఉదయం మజ్జిగ కూడా నేనే తీసి ఉంచాను. మూడో వారం వచ్చేసరికి ఆయనకు మెట్లు ఎక్కుతుంటే తొడలు బరువెక్కసాగాయి, రాత్రుళ్లు పిక్కలు పట్టేసి నిద్ర లేచేవారు, నీరసంగా ఉందని మధ్యాహ్నాలు మంచం దిగేవారు కాదు. వయసు వల్ల అనుకున్నాం. ఒక ఉదయం లేచి నిలబడలేకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లాం. రక్తపరీక్షలో పొటాషియం 2.9 అని వచ్చింది. మామూలుగా అది 3.5 నుంచి 5 వరకు ఉండాలి.

డాక్టరుగారు ఆయన వాడుతున్న బీపీ మాత్ర పేరు చూశారు. అందులో మూత్రం ద్వారా నీటిని, ఉప్పును బయటికి పంపే మందు కూడా కలిసి ఉంది. దాని వల్ల పొటాషియం కొంత తగ్గడం సహజమేకానీ, ఏళ్ల తరబడి అదే మాత్ర వేసుకుంటున్నా లేనిది ఇప్పుడే ఇంతగా ఎందుకు పడిపోయిందని అడిగారు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అంటే, ఏమీ లేవని నాన్నగారు, నేను ఒకేసారి చెప్పాం. కలబంద మందని మా ఇద్దరికీ తోచలేదు. పసరు మందులేమైనా తాగుతున్నారా అని ఆయన విడదీసి అడిగినప్పుడు చెప్పాం. వెంటనే ఆయన వేసిన ప్రశ్న నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "తొక్కతోనా, తొక్క తీసా?"

ఆ ప్రశ్నలోనే అసలు విషయమంతా ఉంది. ఒక కలబంద మట్టను కోసి చూస్తే తెలుస్తుంది. మొదటికంటా అడ్డంగా కోయగానే తెగిన అంచు చుట్టూ, తొక్కకు ఆనుకుని, పసుపుపచ్చని సొన బొట్లు బొట్లుగా ఊరి కిందికి జారుతుంది. మామిడికాయ ముచ్చిక తుంచినప్పుడు కారే సొన లాగానే అదీ చేతికి అంటుకుంటుంది, గాలి తగిలిన కొద్దీ ముదురు గోధుమ రంగులోకి మారుతుంది, గుడ్డకు అంటితే మరక ఒక పట్టాన వదలదు. నాలుక కొసకు తగిలితే చాలు, ఆ చేదు గంటసేపు పోదు. మట్ట నడిమి భాగంలో ఉండేది మాత్రం గాజులా తేటగా, రంగు లేకుండా, జారుడుగా ఉండే గుజ్జు. దానికి చెప్పుకోదగ్గ రుచి లేదు, కాస్త పచ్చివాసన, కోసిన వేళను బట్టి కొంచెం పులుపు ఉంటాయి. తెల్లవారుజామున కోసిన ఆకు ఎక్కువ పుల్లగా ఉండడానికి కారణం, రాత్రంతా పీల్చిన బొగ్గుపులుసు వాయువును మొక్క ఆమ్లంగా మార్చి దాచుకోవడమే.

ఒకే మట్టలో అంగుళం ఎడం కూడా లేకుండా ఉన్న ఈ రెండు పదార్థాలు పేగు మీద చేసే పనులు పూర్తిగా వేరు. సొనలో అలోయిన్ అనే పదార్థం ఉంటుంది. అది జీర్ణాశయంలోను, చిన్నపేగులోను పెద్దగా మార్పు చెందకుండా సాగిపోయి పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి, పేగు గోడను రేపే మరొక పదార్థంగా మారుస్తాయి. అందువల్ల పేగు గట్టిగా ముడుచుకుంటూ లోపలి దాన్ని ముందుకు తోస్తుంది. అదే సమయంలో, మామూలుగా పెద్దపేగు వెనక్కి పీల్చుకోవలసిన నీరు, లవణాలు లోపలే ఉండిపోయి మలం పలచబడుతుంది. ఇదంతా జరగడానికి కొన్ని గంటలు, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు, పడుతుంది కనుకనే నాన్నగారు పొద్దున తాగిన దానికి రాత్రి కడుపు మెలిపెట్టింది. ఆయనకు కలిగిన ఉపశమనం పేగు బాగుపడినందువల్ల కలిగినది కాదు, కొరడా పెట్టి తోలినందువల్ల కలిగినది. రోజూ అలా తోలినప్పుడు నీటితో పాటు పొటాషియం పోయింది, పక్కనే బీపీ మాత్ర మూత్రం ద్వారా ఇంకొంత తీసుకుపోయింది. కండరాలు, గుండె సరిగ్గా పనిచేయడానికి ఆ లవణమే ఆధారం. డిజాక్సిన్ వంటి గుండె మందు వాడేవారికి పొటాషియం ఇలా పడిపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుందని డాక్టరుగారు చెప్పినప్పుడు, నాన్నగారికి ఆ మందు లేకపోవడం ఎంత అదృష్టమో అర్థమైంది.

ఇంటికి వచ్చాక నాకు మా అమ్మమ్మ మందుల పెట్టె గుర్తుకు వచ్చింది. అందులో కాగితం పొట్లంలో నల్లగా, రాయిలా, విరిచిన చోట నిగనిగలాడే ముసాంబరం ముక్క ఒకటి ఎప్పుడూ ఉండేది. మాకు కాలు బెణికితే దాన్ని అరగదీసి, కోడిగుడ్డు తెల్లసొనలో కలిపి, వెచ్చచేసి పట్టు వేసేది. ఆ ముసాంబరం మరేదో కాదు, కలబంద సొనను పట్టి, మరగబెట్టి ఎండించినదే. బజారులో పచారీ దుకాణంలో అమ్మే ఆ నల్లని ముక్కకూ, డాబా మీది పచ్చని మొక్కకూ ఉన్న చుట్టరికం నాకు యాభై ఏళ్లు వచ్చేదాకా తెలియలేదు. అమ్మమ్మ దాన్ని పైపూతకే వాడేది కానీ మా నోట్లో ఏనాడూ వేయలేదు, పిల్లల చేతికి అందనిచ్చేదీ కాదు.

ఆయుర్వేదం కలబందను కుమారి అంటుంది, ఘృతకుమారి అనీ అంటుంది. భావప్రకాశ నిఘంటువు దీన్ని చేదుగలది, చలవచేసేది, భేదని, అంటే గట్టిపడిన మలాన్ని ఛేదించి వెడలగొట్టేది అని వర్ణించింది. ఈ చివరి గుణాన్ని మన పూర్వులు చిన్నచూపు చూడలేదు. భేదన ద్రవ్యాన్ని ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు ఇవ్వాలో వైద్యుడు నాడి చూసి, బలం చూసి నిర్ణయించేవాడు. ఎండిన సొనతో, ఇంగువ, వెలిగారం, అన్నభేదిలతో కట్టే రజఃప్రవర్తినీ వటి అనే మాత్ర ఆగిన బహిష్టును తెప్పించడానికి వాడేది. కలబందను గర్భిణులు ఎందుకు తాగకూడదో ఈ ఒక్క మందు పేరే చెబుతుంది. కాలేయానికి, జీర్ణశక్తికి మంచిదని వైద్యులు రాసే కుమార్యాసవం కూడా బెల్లం, తేనె, ధాతకీ పూలు, మరెన్నో దినుసులు చేర్చి పులియబెట్టి, కొలత ప్రకారం భోజనం తర్వాత నీళ్లలో కలిపి ఇచ్చేది. అందులో పులియడం వల్ల సహజంగా పుట్టిన సారాయి అంశ ఉంటుంది. లోహభస్మం కూడా చేరుతుంది. ఇంత నియమంగా వాడిన ద్రవ్యాన్ని మనం ఆయుర్వేదం పేరు చెప్పి, కొలతా గడువూ లేకుండా మట్టలకు మట్టలు మిక్సీలో వేసి తాగడం ఆ శాస్త్రానికి మర్యాద చేసినట్టు కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక గుజ్జు సంగతి. ఇందులో నూటికి తొంభై ఎనిమిది వంతులకు పైగా నీరే. మిగిలిన ఆ కొద్దిలో ముఖ్యమైనవి జిగురునిచ్చే పొడవాటి చక్కెర గొలుసులు, వాటిలో పేరున్నది అసిమానన్. నోటి నుంచి పేగుల దాకా లోపలి పొర మీద ఇది మెత్తని పూతలా పరుచుకుంటుందనీ, వాపును కొంత తగ్గిస్తుందనీ ప్రయోగశాలల్లో చూశారు. మనుషుల మీద జరిగిన పరిశీలనలు చిన్నవే అయినా కొన్ని శ్రద్ధగా చదవదగినవి. ఇరాన్‌లో జరిపి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఛాతీలో మంట, పులి త్రేన్పులు ఉన్న 79 మందిలో కొందరికి నాలుగు వారాల పాటు రోజుకు 10 మిల్లీలీటర్ల కలబంద సిరప్ ఇచ్చారు. మిగిలిన వారికి కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ గాని రానిటిడిన్ గాని ఇచ్చారు. కలబంద తీసుకున్న వారికి బాధలు తగ్గాయి, ఇబ్బందిపెట్టి మానవలసిన దుష్ఫలితాలు కనిపించలేదు. అయితే ఆ మొత్తం 10 మిల్లీలీటర్లు, అంటే రెండు చిన్న చెంచాలు మాత్రమే అన్న సంగతిని గ్లాసుల కొద్దీ తాగేవారు గుర్తుంచుకోవాలి.

పెద్దపేగులో పుండ్లు పడి రక్తంతో విరేచనాలయ్యే అల్సరేటివ్ కొలైటిస్‌కు 2004లో బ్రిటన్‌లో 44 మందితో ఒక పరీక్ష జరిపారు. గుజ్జు రసాన్ని 100 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు రెండుసార్లు నాలుగు వారాలు తాగిన 30 మందిలో తొమ్మిది మందికి వ్యాధి లక్షణాలు సద్దుమణిగాయి. ఉత్తుత్తి ద్రవం తాగిన 14 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆశ కలిగించే ఫలితమే, కానీ ఇంత చిన్న గుంపును చూసి డాక్టరు ఇచ్చిన మందు ఆపే సాహసం ఎవరూ చేయకూడదు. కడుపునొప్పి, ఉబ్బరం, ఒకసారి మలబద్ధకం, మరొకసారి విరేచనాలతో ఏళ్ల తరబడి వేధించే ఐబీఎస్ విషయంలో ఫలితాలు ఒక దారిన లేవు. 2006లో లండన్‌లో 58 మందితో చేసిన పరీక్షలో ప్రయోజనం తేలలేదు. 2020లో స్వీడన్‌లో 173 మందితో చేసిన దానిలో మొత్తం మీద ఉత్తుత్తి మందుకన్నా మెరుగని నిరూపణ కాలేదు, విరేచనాల రకం ఐబీఎస్ ఉన్నవారిలో మాత్రం కొంత మేలు కనిపించింది. వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: సొన తీసేసిన గుజ్జు పై కడుపు మంటకు కొద్దిపాటి ఊరట ఇవ్వవచ్చు. మలబద్ధకానికి అది మందు కాదు. మలబద్ధకం మీద కలబంద చూపించే బలమంతా సొనదే, ప్రమాదమంతా కూడా సొనదే.

ఆ ప్రమాదాన్ని ప్రపంచంలో వైద్య సంస్థలు ఎప్పుడో గుర్తించాయి. అమెరికాలో ఒకప్పుడు చీటీ లేకుండా కొనే విరేచన మందుల్లో ఈ సొన ఉండేది. భద్రతను నిరూపించే సమాచారాన్ని తయారీదారులు ఇవ్వకపోవడంతో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2002లో దాన్ని ఆ మందుల నుంచి తీసివేయించింది. సొనతో సహా ఆకు మొత్తం నుంచి తీసిన సారాన్ని రెండేళ్లు నీటిలో కలిపి ఎలుకలకు పట్టిన అమెరికా ప్రభుత్వ పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఆ ఎలుకల పెద్దపేగుల్లో కణితులు వచ్చాయి. దాని ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం ఆకు మొత్తం సారాన్ని మనుషులకు కేన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో, 2బీ అనే వర్గంలో చేర్చింది. ఎలుకలో జరిగింది మనిషిలో జరిగి తీరుతుందని దీని అర్థం కాదు, ఒకసారి తాగిన వారు భయపడవలసిన పని కూడా లేదు. రోజూ, నెలల తరబడి తాగే అలవాటు మాత్రం మానుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు. విరేచనానికి వాడే సునాముఖి ఆకులో పనిచేసే పదార్థాలు కూడా అలోయిన్ కుటుంబానివే. ఇలాంటి వాటిని ఎక్కువ కాలం వాడిన వారికి కొలనోస్కోపీ, అంటే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేస్తే పేగు లోపలి గోడ చిరుతపులి చర్మంలా నల్లని మచ్చలతో కనిపిస్తుంది. వాడకం ఆపితే కొన్ని నెలలకు ఆ మచ్చలు పోతాయి.

సీసాల్లో అమ్మే కలబంద రసం గురించి మా వీధిలో చాలామంది అడుగుతుంటారు. సొన తీసి, బొగ్గుతో వడగట్టిన రసంలో అలోయిన్ చాలా తక్కువగా ఉంటుంది. తాగే ఉత్పత్తుల్లో అది పది లక్షల పాళ్లకు పది పాళ్లు మించకూడదని అంతర్జాతీయ కలబంద పరిశ్రమ మండలి హద్దు పెట్టింది. కొనేవారు చూడవలసింది ఆ వివరం సీసా మీద ఉందా, చక్కెర ఎంత కలిపారు, కలబంద అసలు ఎంత శాతం ఉంది అన్నవి. సీసా మీది ఆకు బొమ్మ ఎంత పచ్చగా ఉన్నా వీటిలో ఏ సంగతీ దాని వల్ల తెలియదు. రుచికి బాగా చేదుగా ఉంటే సొన మిగిలి ఉన్నట్టే లెక్క.

ఇప్పుడు మా ఇంట్లో గుజ్జు తీసే పద్ధతి చెబుతాను. మొక్క కనీసం రెండేళ్లదై, కింది వరుసలో బాగా బలిసిన మట్టనే కాండం దగ్గర తడి లేని కత్తితో కోస్తాను. కోసిన మొదలు కిందికి ఉండేలా ఒక గాజు గ్లాసులో ఏటవాలుగా నిలబెట్టి అరగంటకు తక్కువ కాకుండా, వీలైతే గంటసేపు వదిలేస్తాను. గ్లాసు అడుగున చెంచాడు దాకా పసుపు సొన దిగుతుంది. అది చూసిన రోజున, ఇన్నాళ్లూ ఇదంతా నాన్నగారి కడుపులోకి పోయిందే అని నా మనసు చివుక్కుమంది. తర్వాత మట్టను కడిగి, రెండు అంచుల ముళ్లను తీసేసి, చదునుగా ఉన్న వైపు తొక్కను మందంగా చెక్కుతాను. తొక్క పలచగా తీస్తే దాని కిందనే ఉండే సొన నాళాలు గుజ్జుకు అంటుకుని మిగిలిపోతాయి కనుక, కొంత గుజ్జు పోయినా ఫరవాలేదనుకుని లోతుగానే తీయాలి. బయటపడిన గుజ్జు పలకను రెండు మూడు నీళ్లలో కడిగి, ఆకుపచ్చ గీత గాని పసుపు చార గాని ఉన్న చోటు కోసి పారేసి, చివరికి నాలుక మీద చిన్న ముక్క పెట్టి చూస్తాను. చేదు తగిలితే ఆ గుజ్జు ముఖానికీ జుట్టుకే కానీ నోటికి కాదు. చేదు లేని దానిలో రెండు చిన్న చెంచాలు పలచని మజ్జిగలో కలిపి, అదీ కడుపులో మంటగా ఉన్న రోజుల్లో నేను తాగుతాను. మిగిలినది ఫ్రిజ్‌లో ఒక్క రోజుకు మించి ఉంచను. ఇంట్లో ఎంత శ్రద్ధగా తీసినా సొన పూర్తిగా పోయిందని చెప్పలేం కనుక, వరుసగా పది రోజులకు మించి తాగను.

మొక్కను పోల్చుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. పొలం గట్ల మీద, రైలు కట్టల వెంట కంచెగా పెరిగే కిత్తనారను, కొన్ని ఊళ్లలో రాకాసి మట్ట అంటారు, కలబందలో పెద్ద రకమనుకునే వారున్నారు. దాని ఆకు కొసన సూదిలాంటి నల్లని ముల్లు ఉంటుంది, ఆకు కోస్తే లోపల గాజులాంటి గుజ్జుకు బదులు నార ఉంటుంది. దాని రసంలోని సూది స్ఫటికాలు చర్మానికి తగిలితే దద్దుర్లు, నోట్లో పడితే మంట, గొంతు వాపు వస్తాయి. నర్సరీల్లో అలంకరణ కోసం అమ్మే చారల కలబంద, ఎర్ర పూల కలబంద వంటి వాటిని కూడా తినే కలబందగా భావించకూడదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పన్నెండేళ్ల లోపు పిల్లలు కలబందను ఏ రూపంలోనూ లోపలికి తీసుకోకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గుండె మందులు గాని మూత్రం ఎక్కువ చేసే బీపీ మాత్రలు గాని వాడేవారు దూరంగా ఉండాలి. కలబంద రక్తంలో చక్కెరను కొంత తగ్గించగలదు కనుక షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా తాగితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్‌కు రెండు వారాల ముందే మానాలి. వారాల తరబడి తాగిన కొందరికి కాలేయం వాచి కామెర్లు వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఆపిన తర్వాత వారిలో చాలామంది కోలుకున్నారు. మూత్రం ముదురు పసుపుగా రావడం, కళ్లు పచ్చబడడం కనిపిస్తే ఆ రోజే ఆపాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. యాభై దాటిన మనిషికి కొత్తగా మలబద్ధకం మొదలైనా, మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, వాంతులతో పాటు కడుపు ఉబ్బి గాలి కూడా పోకపోయినా, కలబంద కాదు కదా, ఏ విరేచన మందూ ఇంట్లో వేసుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పేగుకు అడ్డంకి ఉన్నప్పుడు సొన వంటి మందు పేగును గట్టిగా తోస్తే ప్రాణాల మీదికి వస్తుంది. మేము ఆ మూడు వారాలూ కలబందతో తృప్తిపడి, ఈ మార్పు ఎందుకు వచ్చిందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పరీక్షలో ఏమీ చెడ్డది బయటపడకపోవడం మా భాగ్యం.

కారణాలు వెతికితే మూడు దొరికాయి. మోకాళ్ల నొప్పులకని ఆయన రోజూ వేసుకుంటున్న కాల్షియం మాత్ర మలాన్ని గట్టిపరుస్తుందని తెలిసి, డాక్టరుగారు అవసరం చూసి దాన్ని ఆపించారు. బాత్రూముకు పదేపదే లేవవలసి వస్తుందని ఆయన మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగడం మానేశారట, ఆ సంగతి మాకు అప్పటిదాకా చెప్పలేదు. పళ్లు సరిగ్గా లేక కూరలు నమలలేక పెరుగన్నంతో సరిపెట్టుకుంటున్నారు. బీపీ మాత్రను మార్చారు, పొటాషియం పది రోజుల్లో మామూలుకు వచ్చింది. పళ్లు కట్టించాం. ఇప్పుడు ఉదయం గోరువెచ్చని నీళ్లు, బాగా మగ్గిన జామపండు, మధ్యాహ్నం మెత్తగా ఉడికించిన తోటకూర పప్పో బీరకాయ కూరో, రాత్రి అవసరమైతే ఒక చెంచా ఇసబ్‌గోల్ గ్లాసు నిండా నీళ్లతో తీసుకుంటారు. ఇసబ్‌గోల్ పేగును రెచ్చగొట్టదు, నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తపరుస్తుంది. అందుకే దానితో నీళ్లు తగినన్ని తాగకపోతే మేలుకు బదులు కీడు జరుగుతుంది. టిఫిన్ అయిన పావుగంటకు, వెళ్లాలనిపించినా అనిపించకపోయినా, తొందరపడకుండా పది నిమిషాలు కూర్చుంటారు. తిన్న తర్వాత పెద్దపేగు సహజంగానే కదులుతుంది కనుక ఆ వేళ తప్పనివ్వకూడదని డాక్టరుగారు చెప్పారు. పాదాల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్లు పైకి లేచి పని సులువవుతుందన్నదీ ఆయన చెప్పినదే. ఇదంతా కుదురుకోవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. కలబంద ఒక్క రాత్రిలో చేసి చూపించిన దానితో పోలిస్తే ఇది నెమ్మది, కానీ మూడేళ్లుగా నిలిచింది.

కలబంద మీద నాన్నగారికి కోపం లేదు, నాకూ లేదు. వేసవిలో వంటింట్లో చెయ్యి కాలితే చల్లని నీళ్ల కింద పెట్టి, తర్వాత ఆ గుజ్జే రాసుకుంటాను. కుండీలకు వారానికొకసారి ఆయనే నీళ్లు పోస్తారు. మొన్న పక్కింటి కోడలు పరగడుపున తాగడానికని ఒక మట్ట అడిగింది. నాన్నగారు కోసి వెంటనే ఇవ్వలేదు. ముందు ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి, "అమ్మాయీ, నెల తప్పలేదు కదా? మాత్రలేమైనా వాడుతున్నావా?" అని అడిగారు. ఆమె కాస్త సిగ్గుపడి, లేదని చెప్పాక మట్ట కోసి, గ్లాసులో నిలబెట్టి, పసుపు సొన అడుగుకు దిగుతుండగా ఆమెకు చూపిస్తూ అక్కడే గంటసేపు కూర్చున్నారు.